జీవాలకు మేత మీద ఇష్టం కడుపులో పుడుతుంది

(నెల్లూరు జిల్లా వింజమూరులో గొర్రెల పెంపకందారులు, పాడి రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటల్నే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. మందల్ని ఇంట్లో వాళ్లకు అప్పజెప్పి ఈ పూట ఇక్కడికి వచ్చారు. ఒక పూట మేత అంటే ఏమిటో నాకు తెలుసు. మాది వరికుంటపాడు పక్క పల్లె, మా నాయనకూ జీవాలుండేవి. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊరికి, వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి చూపించడానికి వెళ్లాను. మీలో చాలామందికి తెలిసిందే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, పైన పట్టా కప్పి, గాలి చొరబడకుండా 3 వారాలు ఉంచుతాం. గడ్డి మెత్తబడుతుంది, బలం పెరుగుతుంది. బయటికి తీశాక మాత్రం ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. ఆ రోజు నేను తొందరపడ్డాను. జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు, చీకటి పడేలోగా ఇంకో ఊరికి పోవాలి. ఘాటు పోకముందే ఆకలి మీదున్న ఒక ఆవుకు వేయించాను. అది గబగబా తినింది. చూశారా, ఎంత ఇష్టంగా తింటుందో అని అందరికీ చెప్పాను. రెండు గంటలకల్లా దానికి కడుపు ఉబ్బింది, ఒళ్లు వణికింది. చల్లటి నీళ్లలో వినెగర్ కలిపి తాగించి పక్కనే కూర్చున్నాను. రాత్రికి తేరుకుంది. బతికింది గానీ, ఆ తరువాత ఏడాది పాటు మాగబెట్టిన గడ్డి ముట్టలేదు. బాగా ఆరబెట్టి, తవుడు చల్లి పెట్టినా సరే, మూతి దగ్గరికి తెచ్చి, ఒకసారి ఊపిరి పీల్చి, పక్కకు తిప్పుకునేది. ఆ రైతు, 'ఈ ఆవుకు మంకు ఎక్కువ సార్' అన్నాడు. నేనూ అవునన్నాను.

అది మంకు కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్క సంగతే.

డిగ్రీ పిల్లలు ఒకటి గమనించండి. తింటున్నప్పుడే ఆవు ముక్కుకు ఆ ఘాటు తగులుతూనే ఉంది. అయినా తినింది. ఆ వాసన మీద అసహ్యం అప్పుడు లేదు, తరువాత పుట్టింది. ఎప్పుడో తరువాత కడుపులో జరిగిన దాన్ని తీసుకెళ్లి, అంతకు ముందు ముక్కుకు తగిలిన వాసనకు ముడేసింది ఆ మూగజీవం. ఎవరు నేర్పారు దానికి? దాని కడుపే నేర్పింది.

మనం రుచి అనే మాటను కాస్త వదులుగా వాడతాం. నాలుకకు తెలిసేవి కొన్నే: తీపి, ఉప్పు, పులుపు, చేదు, ఇంకా మాంసం పులుసులోనో పుట్టగొడుగులోనో తగిలే ఆ కమ్మదనం. మిగిలిన దాంట్లో చాలావరకు ముక్కు చేసే పని. జలుబు చేసినప్పుడు చేపల పులుసు తింటే మామిడికాయ పులుపు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, కానీ అది చేపల పులుసులా ఉండదు. తీపి మీద ఇష్టం, చేదు మీద అనుమానం పుట్టుకతో వస్తాయి. వేల రకాల వాసనల మీద ఇష్టాయిష్టాలు మాత్రం చాలావరకు నేర్చుకునేవే. గొర్రెపిల్ల తల్లి కడుపులోంచి బయటపడేటప్పుడు దానికి తుమ్మకాయ వాసన మంచిదో చెడ్డదో రాసిపెట్టి ఉండదు.

చెడును నేర్చుకోవడం గురించి ముందు తెలిసింది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్లు ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు పెట్టి, అవి తాగే సమయంలో గామా కిరణాలు పడేట్టు చేశారు. ఆ కిరణాలతో కడుపులో వికారం పుడుతుంది. ఎలుకలు తియ్యటి నీళ్లు మానేశాయి. ఎలుకకు తీపి అంటే చాలా ఇష్టం, అయినా మానేశాయి. 1966లో ఇంకో మెట్టు ఎక్కారు. నీళ్లకు ఒక రుచి పెట్టారు, అవి తాగుతుంటే దీపం వెలిగేట్టు, టిక్కుమని చప్పుడు వచ్చేట్టు కూడా చేశారు. కొన్ని ఎలుకలకు వికారం కలిగించారు, కొన్నిటికి కాళ్లకు కరెంటు తగిలించారు. వికారం పడ్డవి రుచిని తప్పుబట్టాయి, వెలుతురును చప్పుడును పట్టించుకోలేదు. కరెంటు తగిలినవి వెలుతురును చప్పుడును తప్పుబట్టాయి, రుచిని పట్టించుకోలేదు. ఒంటికి బయట నొప్పి తగిలితే కంటినీ చెవినీ అడగాలి, కడుపులో తేడా వస్తే నాలుకనూ ముక్కునూ అడగాలి అనే ఏర్పాటు జంతువులో పుట్టుకతోనే ఉంది. పైగా, రుచికీ వికారానికీ మధ్య గంట గడిచినా ముడి పడుతుంది.

ఇక్కడ ఒక్క మాట, ప్రాణాల మీది సంగతి కాబట్టి. ఈ తెలివి చూసి జొన్న నాము విషయంలో ధైర్యపడకండి. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న మేస్తే కడుపులో సైనైడు పుడుతుంది. అది నిమిషాల్లో పని కానిస్తుంది. నేర్చుకునే వ్యవధే ఉండదు. నెమ్మదిగా బాధపెట్టే వాటిని జీవం నేర్చుకుంటుంది. వెంటనే చంపే వాటి సంగతి మనమే చూసుకోవాలి.

సరే, చెడును నేర్చుకుంటాయంటే అందరం ఒప్పుకుంటాం. మంచిని కూడా కడుపే నేర్పుతుందా? నాకు ఈ సగమే ఎక్కువ ఇష్టం.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో ఆంథొనీ స్క్లఫానీ అనే ఆయన జీవితమంతా దీని మీదే పనిచేశాడు. 1988లో నిస్సెన్‌బామ్‌తో కలిసి ప్రకటించిన ప్రయోగం చెబుతాను, శ్రద్ధగా వినండి. ఎలుక కడుపులోకి నేరుగా ఒక సన్నని గొట్టం అమర్చారు. ఎలుక ముందు ఒక రోజు చెర్రీ వాసన నీళ్లు, ఇంకో రోజు ద్రాక్ష వాసన నీళ్లు పెట్టారు. వాటిలో బలం ఏమీ లేదు. ఎలుక ఒక వాసన నీళ్లు తాగుతుంటే, తాగిన కొద్దీ మొక్కజొన్న పిండిని విడగొట్టి చేసిన ద్రవం గొట్టం గుండా కడుపులోకి దిగుతుంది. రెండో వాసన తాగేటప్పుడు వట్టి నీళ్లు దిగుతాయి. పిండి ద్రవం నోటికి తగలదు, ముక్కుకు తగలదు. కొన్ని రోజుల తరువాత రెండు సీసాలు పక్కపక్కన పెట్టి వదిలారు. తాగిన దాంట్లో నూటికి 90 వంతుల పైగా పిండి వెంట వచ్చిన వాసన నీళ్లే. ఆ తరువాత పిండి ఆపేసి రెంటికీ నీళ్లే పంపినా, వారాల తరబడి ఆ ఇష్టం పోలేదు.

ఇంకో ప్రయోగంలో చేదు నీళ్లకు, పుల్లటి నీళ్లకు ఇలాగే కడుపులో బలం జతచేశారు. పుట్టుకతో వచ్చిన విముఖత ఉన్నా, ఎలుకలు ఆ చేదునే, ఆ పులుపునే ఎంచుకోవడం నేర్చుకున్నాయి. కాకరకాయ తినని పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

కడుపు 'ఇక చాలు' అని చెబుతుందని మనకు ఎప్పటినుంచో తెలుసు. కడుపు 'ఇంకా కావాలి, ఇది మంచిది, గుర్తుపెట్టుకో' అని కూడా చెబుతుందని స్క్లఫానీ చూపించాడు. దానికి ఆయన ఇంగ్లీషులో ఎపెటిషన్ అని పేరు పెట్టాడు. మనం కడుపు పిలుపు అందాం. ఆ పిలుపు చాలా త్వరగా వస్తుంది. చుంచెలుక కడుపులోకి గ్లూకోజు దిగడం మొదలైన కొద్ది నిమిషాల్లోనే, మొదటి రోజే, అది వాసన నీళ్లను నాకే వేగం పెరుగుతుంది. అరిగి, ఒంటికి పట్టి, బలం వచ్చాక తెలుసుకోవడం అయితే ఇంత తొందరగా జరగదు కదా. అంటే పేగు లోపలి గోడే తగిలిన దాన్ని తగిలినట్టే పసిగడుతోంది.

అది ఎలా పసిగడుతుందో చెప్పడానికి మీకు బాగా తెలిసిన వస్తువుతో మొదలుపెడతాను. విరేచనాలయితే పిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు ఎందుకు పడతాం? ఉప్పు ఒక్కటే ఇస్తే చాలదు. పంచదార ఒక్కటే ఇచ్చినా చాలదు. చిన్నపేగు గోడ మీద ఒక ద్వారం ఉంది, దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. గ్లూకోజు, సోడియం జతగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ పోతాయి. ఈ జత సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రాగ్ నగరంలో ఒక సభలో ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఈ నీళ్లతోనే ప్రాణం పోశాడు. అదే ద్వారం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఒంటికి బలమివ్వని, అరగని, కానీ ఆ ద్వారంలో గ్లూకోజులాగే పట్టే ఒక నకిలీ గ్లూకోజు ఉంది. దాన్ని కడుపులోకి పంపినా చుంచెలుకలు ఆ వాసన మీద ఇష్టం నేర్చుకుంటాయి. పండ్ల చక్కెర, అంటే ఫ్రక్టోజు, దానికి బలం ఉంది, తీపీ ఉంది. కానీ అది వేరే ద్వారం గుండా పోతుంది. దాన్ని కడుపులోకి పంపితే చుంచెలుకలు ఏమీ నేర్చుకోవు. లెక్కకు కేలరీలు సమానమే అయినా పేగు దృష్టిలో రెండూ ఒకటి కావు.

తీపి నాలుకకే తెలియని చుంచెలుకలు కూడా ఉన్నాయి. రుచిని మోసే ఒక జన్యువు లేకుండా పెంచినవి. 2008లో ఐవాన్ డి అరౌజో బృందం వాటి ముందు పంచదార నీళ్లు, మామూలు నీళ్లు పెట్టింది. మొదట రెండూ ఒకటే వాటికి. రోజులు గడిచేకొద్దీ పంచదార నీళ్లు ఉన్న వైపుకే పోయాయి. నాలుకకు తెలియని తీపిని కడుపు తెలుసుకుంది. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జుకర్ బృందం దీన్నే ఇంకా వివరంగా చూపింది. పంచదారనూ, బలం లేని కృత్రిమ తీపినీ పక్కపక్కన పెడితే, మొదట చుంచెలుకలు రెంటినీ తాగాయి. రెండు రోజులు తిరిగేసరికి దాదాపు అంతా పంచదార వైపే.

ఇక ఈ కబురు మెదడుకు ఎలా చేరుతుంది? పాత పుస్తకాల్లో, మేము చదువుకున్న రోజుల్లో, పేగు కణాలు హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి, అవి నెమ్మదిగా పైకి పోతాయి అని ఉండేది. ఈక్వడార్‌లో పుట్టి అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డియెగో బొహోర్కెజ్ బృందం 2018లో ఇంకో దారి చూపించింది. పేగు గోడలో కొన్ని కణాలు నేరుగా వేగస్ నాడికి, అంటే కడుపునూ మెదడునూ కలిపే నాడికి, అతుక్కుని ఉన్నాయి. వాటికి న్యూరోపాడ్ కణాలని పేరు పెట్టారు. చక్కెర తగిలితే గ్లూటమేట్ అనే రసాయనంతో మిల్లీ సెకన్లలో కబురు పంపుతాయి. 2022లో అదే బృందం ఈ కణాల్ని కాంతితో పనిచేయకుండా ఆపి చూసింది. అప్పుడు చుంచెలుకకు పంచదారకూ కృత్రిమ తీపికీ తేడా తెలియలేదు. అవతల మెదడులో ఏం జరుగుతుందన్నది ఇంకో బృందం 2018లో చూసింది. మెడలో కుడి పక్కన పోయే వేగస్ నాడిని, కడుపు నుంచి వచ్చే భాగాన్ని మాత్రమే, కాంతితో రేపితే మెదడులో డోపమైన్ అనే, 'ఇంకా కావాలి' అనిపించే రసాయనం విడుదలైంది. ఆ రేపటం కోసం చుంచెలుకలు మళ్లీ మళ్లీ ప్రయత్నించాయి. డోపమైన్ పని ఒక రకంగా అడ్డుకుంటే ఎలుకలు వాసనకూ కడుపు కబురుకూ ముడి వేయడం నేర్చుకోలేకపోయాయని అంతకు ముందే తెలుసు.

పిల్లలకు ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో అన్నీ సర్దుకున్నట్టు రాస్తారు. జుకర్ బృందం వేగస్ నాడిని కత్తిరిస్తే చక్కెర మీద ఇష్టం పుట్టలేదు. స్క్లఫానీ బృందం మాత్రం అంతకు ముందు ఎలుకల్లో కడుపు దగ్గర వేగస్ నాడిని కోసినా వాసన మీద ఇష్టం నేర్చుకున్నాయని చూపింది. ఇద్దరివీ గట్టి ప్రయోగాలే. జంతువు వేరు, కోసిన చోటు వేరు, ఇచ్చిన ద్రవం వేరు. మీలో ఎవరైనా ఈ దారిలో పోతే పనికి కొదవ లేదు.

ఎలుకల సంగతి చాలు. మన జీవాల దగ్గరికి వద్దాం.

గొర్రె కడుపు ఎలుక కడుపులాంటిది కాదు. నెమరేసే జంతువుకు ముందు పెద్ద పొట్ట ఉంటుంది, అందులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. చక్కెర చిన్నపేగుదాకా వచ్చేది చాలా తక్కువ. ఆ పులిసిన దాంట్లోంచి వచ్చే ఆమ్లాలే గొర్రెకు బలం. వాటిలో ప్రొపియోనేటు అనేదాన్నుంచి కాలేయం గ్లూకోజు తయారు చేసుకుంటుంది. మరి ఇక్కడ కడుపు పిలుపు పనిచేస్తుందా?

అమెరికాలో యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ ప్రొవెంజా, హువాన్ విల్లాల్బా ఇదే ప్రశ్న వేసుకున్నారు. గొర్రెపిల్లలకు గోధుమ గడ్డి పెట్టారు. మన వరిగడ్డి లాంటిదే, బలం తక్కువ, జీవాలు పెద్దగా ఇష్టపడవు. ఒక రోజు ఒక వాసన చల్లిన గడ్డి పెట్టి, తిన్నాక పెద్ద పొట్టలోకి గొట్టంతో కొద్దిగా ప్రొపియోనేటు పంపారు. ఇంకో రోజు ఇంకో వాసన గడ్డి పెట్టి ఏమీ పంపలేదు. పిల్లలు ప్రొపియోనేటు వెంట వచ్చిన వాసన గడ్డిని గట్టిగా ఎంచుకున్నాయి. పిండితో కూడా అలాగే జరిగింది. గడ్డి రెండు సార్లూ ఒకటే, వాసన ఒక్కటే తేడా. ఇది చదివిన రోజు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కందుకూరు సంత నుంచి కొత్త బర్రె తెస్తే, మా మేత దానికి పట్టేది కాదు. అమ్మ వారం రోజులు కుడితిలో గుప్పెడు తవుడు, చిన్న ముక్క శెనక్కాయ చెక్క నానబెట్టి మా చొప్ప మీద చిలకరించేది. రెండో వారంలో తవుడు తగ్గించేది, మూడో వారంలో ఆపేసేది. అప్పటికి బర్రె వట్టి చొప్పనే పరపరా నమిలేది. 'అలవాటు చేశాను' అనేది అంతే. చొప్ప రుచిని ఆమె కాసేపు కమ్మగా చేసిందని నేను అనుకునేవాణ్ణి. నిజానికి ఆమె ఆ చొప్ప వాసనకు బర్రె కడుపులో ఒక మంచి జ్ఞాపకం కట్టింది. బడి మొహం చూడని మనిషి.

ఇక్కడ మోతాదు కూడా ముఖ్యం. నత్రజనితో కూడా వాళ్లు చేసి చూశారు. యూరియా కొద్దిగా పంపితే ఆ వాసన మీద ఇష్టం పుట్టింది. ఎక్కువ పంపితే అసహ్యం పుట్టింది. నా ఆవు సంగతి ఇదే. మాగబెట్టిన గడ్డి చెడ్డది కాదు, నేను పెట్టిన రోజు చెడ్డది. సరిగ్గా ఆరబెట్టి, చేరెడుతో మొదలుపెట్టి ఉంటే ఆ వాసనే దానికి ఇష్టమయ్యేది.

1999లో వాళ్లు ప్రకటించిన ఇంకో ప్రయోగం నన్ను చాలా కదిలించింది. గొర్రెపిల్లలకు ఒక వాసనతో పిండిబలం, ఇంకో వాసనతో మాంసకృత్తులు నేర్పారు. తరువాత ముందుగా పిండి ఎక్కువున్న మేత పెట్టి, రెండు వాసనలూ ముందుంచితే, పిల్లలు మాంసకృత్తుల వాసన వైపు మొగ్గాయి. ముందు మాంసకృత్తులు పెడితే పిండి వాసన వైపు మొగ్గాయి. ఏది తక్కువైందో దాన్ని వాసన ద్వారా వెతుక్కున్నాయి. మీరు చూసే ఉంటారు. పొద్దున అంతా తుమ్మకాయలు ఏరుకుని తిన్న మంద మధ్యాహ్నం వాటిని తొక్కుకుంటూ పోయి ఎండుగడ్డి కొరుకుతుంది. మనం 'మేకబుద్ధి' అని కసురుతాం. అక్కడ లెక్క జరుగుతోంది.

యూటాలోనే జరిగిన మేకల సంగతి ఒకటి ఉంది. చలికాలంలో బ్లాక్‌బ్రష్ అనే పొద తప్ప ఏమీ లేని కొండ మీద కొన్ని గుంపుల మేకల్ని వదిలారు. అన్నీ చిక్కిపోయాయి. ఒక గుంపు మాత్రం తక్కువ చిక్కింది. చూస్తే, అక్కడ ఒక రకం ఎలుకలు పుల్లలతో కట్టుకున్న గూళ్లను ఆ గుంపు మేకలు తింటున్నాయి. ఆ పుల్లలు ఎలుకల మూత్రంతో తడిసి ఉంటాయి, అందులో నత్రజని ఉంది. పొదల్లో తక్కువైంది సరిగ్గా అదే. ఒక మేక ఎప్పుడో కొరికి ఉంటుంది, దాని కడుపు మేలు చెప్పి ఉంటుంది, మిగతావి దాన్ని చూసి నేర్చుకుని ఉంటాయి.

చూసి నేర్చుకోవడం అన్నాను కాబట్టి తల్లి సంగతి. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలకు తల్లుల పక్కన ఉండగా రోజుకు గంట చొప్పున 5 రోజులు గోధుమలు రుచి చూపించారు. ఆ పిల్లలు దాదాపు 3 ఏళ్ల తరువాత, మధ్యలో ఒక్కసారీ గోధుమలు చూడకుండా, గోధుమలు పెట్టగానే గుర్తుపట్టి తిన్నాయి. తల్లి లేకుండా నేర్పినవి అలా తినలేదు. ఐదు గంటల పాఠం. మన నెల్లూరు గొర్రె, పల్ల రకం గానీ జోడిపి రకం గానీ దొర రకం గానీ, ఎంత దూరం నడిచినా నడుస్తుంది. కానీ ఎండాకాలం మేత కరువులో కొత్త దాణా తొట్టి ముందు పెడితే ఆకలితో నిలబడి చూస్తుంది. ఆ నష్టం నేను ఏటా చూశాను. పాలు తాగే వయసులో, తల్లి పక్కన, నాలుగు రోజులు రుచి చూపించి ఉంటే ఆ నష్టం చాలా తగ్గేది.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకు వెళ్దాం. నట్టల మందు తాగించిన రోజు, టీకా వేయించిన రోజు, ఒంట్లో బాగాలేని రోజు కొత్త మేత మొదలుపెట్టకండి. కడుపులో తేడా వస్తే జీవం పాత మేతను అనుమానించదు. ఆ రోజు కొత్తగా తిన్న దాన్నే తప్పుబడుతుంది. మందు వల్ల వచ్చిన వికారాన్ని పాపం ఆ దాణా మోయాల్సి వస్తుంది, మళ్లీ నెలలు ముట్టదు.

అడగండి.

(సభలో ఒక పెద్దాయన: అయ్యా, వరికోతలయ్యాక మేము కోవూరు పక్కకి మందలు తోలుకుపోతాం. మొదటి వారం జీవాలు కడుపు నిండా మేయవు. నీళ్లు పడక అంటారు. నిజమేనా?)

నీళ్లు మారడం కొంత ఉండొచ్చు పెద్దాయనా. కానీ ముఖ్యంగా, మెట్టలో పుట్టిన జీవానికి ఆ మాగాణి గట్ల మీద కసువు వాసన కొత్త. అది నాలుగు పరకలు కొరికి, ఆగి, కడుపు ఏం చెబుతుందో చూసుకుంటుంది. మళ్లీ నాలుగు కొరుకుతుంది. ఆ జాగ్రత్త లేకపోతే అది బతకదు. మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువసేపు మేపండి, తొందరపెట్టి తోలకండి. కిందటేడు ఆ పొలాలకు వచ్చిన ముసలి గొర్రెలుంటే వాటిని ముందు నడవనివ్వండి. రాలిన వడ్లు ఎక్కువున్న చేలో మాత్రం ఆకలి మీద వదలకండి. ఒకేసారి గింజలు మేస్తే కడుపు పులిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది, బతికిన వాటికీ గింజలంటే భయం పట్టుకుంటుంది.

(ఒక మహిళా రైతు: మా బర్రె గోనెపట్టాలు, గుడ్డలు నములుతా ఉంది సార్. అది కూడా కడుపు చెప్పిందేనా?)

మంచి ప్రశ్న అమ్మా. చాలావరకు భాస్వరం తక్కువైన గొడ్లు అలా చేస్తాయి. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ వందేళ్ల కిందటే చూశాడు. భాస్వరం లేని నేలల్లో మేసే పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి, ఆ ఎముకల్లోని విషంతో కాళ్లు పడిపోయి చచ్చిపోయేవి. ఎముకల పొడి మేతలో కలిపి ఇస్తే నమలడం తగ్గింది. మీ బర్రెకు ఏం తక్కువో దాని ఒళ్లు చెబుతోంది. ఎక్కడ దొరుకుతుందో తెలియక కనపడిందల్లా నములుతోంది. దాణాలో ఖనిజ లవణ మిశ్రమం రోజూ కలపండి, ఒక నెల చూడండి. పాలిథిన్ సంచులు మాత్రం దాని చుట్టుపక్కల లేకుండా చూసుకోండి. అవి పొట్టలో పేరుకుంటే ఆపరేషన్ తప్ప దారి లేదు.

(ఒక విద్యార్థి: సార్, కొన్ని దాణాల్లో తీపి వాసన కలుపుతారు కదా. దానివల్ల ఉపయోగం ఉందా?)

మొదటి రోజు తొట్టి దగ్గరికి రప్పించడానికి ఉంది. ఆ తరువాత పెత్తనం కడుపుది. దాణాలో బలం ఉంటే ఆ వాసనే జీవానికి ప్రాణమవుతుంది. ఇంకో వాసన దాణాకు మారిస్తే మొదట ముట్టదు కూడా. బలం లేకపోతే ఎంత కమ్మని వాసన చల్లినా పది రోజుల తరువాత తొట్టిలో మిగిలిపోతుంది. దాణా కొనేటప్పుడు మూట విప్పి మీరు వాసన చూడటం కాదు, మూట మీద ఉన్న మాంసకృత్తుల శాతం చదవండి. రెండు వారాలయ్యాక తొట్టిలో ఎంత మిగులుతుందో చూడండి.

(ఒక యువ రైతు: నేను పాలు మరిచిన పిల్లల్ని నలభై తెచ్చాను సార్. వారమైంది. తొట్టి దగ్గరికే రావడం లేదు. టెన్షన్‌గా ఉంది.)

ఉంటుంది బాబూ. అప్పు చేసి తెచ్చి ఉంటావు. తల్లిని వదిలాయి, ఊరు మారింది, తొట్టి కొత్త, దాణా కొత్త. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఒక్కొక్కటీ విడగొట్టు. అవి తెచ్చిన ఊళ్లో ఏం మేసేవో ఫోన్ చేసి అడుగు. వేరుశెనగ కట్టె అయితే అదే తెచ్చి ముందు తొట్టిలో వెయ్యి, తొట్టి భయం పోతుంది. రెండు రోజుల తరువాత దాని మీద నానబెట్టిన జొన్న నూక చేరెడు చల్లు, పిల్లకు గుప్పెడుకు మించకుండా. అదే చోట, అదే వేళకు, సాయంత్రం మేపుకొచ్చాక. తిన్న పూట కడుపులో బలం తగిలిందా, మర్నాడు ఆ వాసనకే పరుగెత్తుకొస్తాయి. వారం తిరిగేసరికి దాణాకు మార్చు, నెమ్మదిగా. వీటితో పాటు తొట్టి మేతకు అలవాటు పడ్డ పెద్ద గొర్రె ఒకటి ఉంటే పని సగం తేలికవుతుంది. నీ దగ్గర లేదు కదా?

(లేదు సార్.)

కలిగిరి నుంచి వచ్చిన అన్న ఇందాకే నాతో చెప్పాడు, తన దగ్గర తొట్టి చూస్తే ఆగని ముసలి జోడిపి గొర్రె ఉందని. ఏమన్నా, ఒక వారం అరువు ఇస్తావా ఈ అబ్బాయికి?

(సభలో నుంచి: ఇస్తాను సార్. రేపు పొద్దున్నే వచ్చి తోలుకుపొమ్మనండి.)

విన్నావు కదా బాబూ. పొద్దున్నే బయల్దేరు, ఎండ పడక ముందే ఇల్లు చేరాలి అది.